కృష్ణబిలం పక్కన పురుడు

కృష్ణబిలం అనగానే పిల్లలు "అన్నీ మింగేస్తుందిగా!" అంటారు. మింగేమాట నిజమే. కాని నోటిదాకా వచ్చినదంతా లోపలికి పోదు. కొంత మహావేగంతో బయటికి చిమ్ముతుంది.

సెంటారస్ ఎ గెలాక్సీనే చూడండి. దూరం సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆకాశం లెక్కలో ఇరుగుపొరుగే! 1826లో జేమ్స్ డన్‌లప్ ఆస్ట్రేలియా నుంచి కనుగొన్నాడు. దాని నడుమనున్న కృష్ణబిలం చిమ్మే ధార ఈశాన్యంగా సాగే దారిలో, చాలా దూరాన, చల్లని వాయుమేఘాలున్నాయి. అక్కడ లేత నీలి నక్షత్రాలు కనిపించాయి. ధార తాకిడికి వాయువు నొక్కుకుపోయి అవి పుట్టాయని పరిశోధకుల అభిప్రాయం.

పసి నక్షత్రాల్లో పెద్దవి అతినీలలోహిత కాంతిలో బాగా వెలుగుతాయి. ఆ కాంతిని మన గాలిపొర అడ్డుకుంటుంది, కనుక దూరదర్శినే పైకెళ్ళాలి. 2015లో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లో అలాంటిదాన్ని అమర్చారు. అందులో బెంగుళూరు శాస్త్రజ్ఞులది పెద్ద చెయ్యి. అద్దం 37.5 సెంటీమీటర్లే, మన భోజనం కంచంకన్నా కాస్త పెద్దది! దానితోనే ఈ నక్షత్రాలనూ పరిశీలించారు.

అయినా కృష్ణబిలాన్ని మంత్రసాని అనడానికి నేనొప్పుకోను. వాయువు చల్లబడితేనే నక్షత్రం కడుతుంది. అలాంటి ధారే మరోచోట వాయువును కాగబెట్టి, పుట్టాల్సినవాటిని పుట్టనివ్వదు.

ఏప్రిల్, మే రాత్రుల్లో సెంటారస్ ఎ దక్షిణాన ఉంటుంది. ఢిల్లీ బంధువులకన్నా బెంగుళూరు, చెన్నై వాళ్ళకే ఎత్తుగా కనిపిస్తుంది. ఊరి దీపాలకు దూరంగా వెళ్ళి బైనాక్యులర్స్‌తో వెతకండి, చిన్న మసక మరకలా ఉంటుంది.