కాటిసీనుకు వెఱవని ఊరు



ఊరి పాత నాటకశాలలో దయ్యమున్నదన్న మాట మన పట్టణాలలో తఱచుగా వినబడేదే. అర్ధరాత్రి గజ్జెల సవ్వడి, ఎవరూ లేని రంగం మీద హార్మోనియం శ్రుతి, తెర వెనుక నీడ. కథ ఇంచుమించు ఒక్కటే. దానిని మూఢనమ్మకమని కొట్టివేయడం నా ఉద్దేశం కాదు. అది ఎప్పుడు పుట్టిందన్నదే నా ప్రశ్న.

చప్పుళ్ళకు కారణాలు తెలిసినవే. పగటి ఎండకు వ్యాకోచించిన చెక్కబల్లలు రాత్రి చల్లబడి టకటకలాడుతాయి. కప్పు సందులలో గబ్బిలాలు చేరుతాయి. ఖాళీ శాలలో చిన్న సవ్వడి సైతం మార్మ్రోగుతుంది. ఇవన్నీ నాటకాలాడిన రోజులలోనూ ఉన్నవే. నాడు వాటిని పట్టించుకొన్నవారు లేరు. పైపెచ్చు బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 'సత్యహరిశ్చంద్రీయము' ఆడిననాడు కాటిసీను కోసమే జనం రాత్రంతా మేలుకొని కూర్చొనేవారు. శ్మశానాన్ని కన్నులారా చూచి, పద్యానికి 'వన్స్ మోర్' కొట్టిన ఊరు, నేడు ఖాళీ రంగాన్ని చూచి జడుసుకొంటున్నది! దయ్యం వచ్చి నాటకం ఆగలేదు; నాటకం ఆగిన పిమ్మటనే దయ్యం వచ్చింది.

నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయంలోనూ ఇట్టి వృత్తాంతమే ఉన్నది. తొలి ప్రదర్శనలో దైత్యుల పరాజయాన్ని చూపగా, విరూపాక్షుడు మున్నగువారు విఘ్నులతో కూడి నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజదండంతో వారిని జర్జరులను చేశాడు. విశ్వకర్మ నాట్యగృహం కట్టాడు, దేవతలు కావలి కాశారు. అయినా బ్రహ్మ అంతటితో ఊరకుండక, విఘ్నులతో సామంగా మాటాడి, నాట్యం ముల్లోకాలదీ అని నచ్చజెప్పాడు. ప్రదర్శన మానుకొమ్మని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పాశ్చాత్య నాటకశాలలలో రాత్రి అందరూ వెళ్ళిపోయాక రంగం మీద ఒక్క దీపం ఉంచుతారు. దానిని 'ఘోస్ట్ లైట్' అంటారు. చీకటిలో ఎవరూ గోతిలో పడరాదని ఒక కారణం. దయ్యాలకు వెలుగని మఱొక ముచ్చట. 2020లో మహమ్మారి వలన తలుపులు మూసిననాడు అమెరికాలో పలుచోట్ల ఆ దీపాన్ని ఆరనీయలేదు. మరల వస్తామన్న మాట అది.

మనం దీపానికి మాఱు తాళం వేస్తున్నాము. దయ్యపుకథ మొదట ఆ తాళానికి సాకు, పిదప కూల్చివేతకు సాకు. నెలకొక సాయంత్రం తలుపు తీయండి. పిల్లల ఏకాంకికైనా సరే, పద్యపఠనానికైనా సరే. దయ్యమున్నదన్న పెద్దలను పిలిచి ముందువరుసలో కూర్చుండబెట్టండి.