చూడదగిన తీరం, చదవదగిన శిల

సెలవు దినాలలో గుంటూరు, ఒంగోలు ప్రాంతాల ప్రత్తి, మిరప చేల నడుమ నున్న గ్రామాల నుండి జనం తూర్పు తీరానికి తరలిపోతారు. బాపట్ల చేరువలోని సూర్యలంక, చీరాల చెంతనున్న వాడరేవు వారికి విహార స్థలాలు. అలలలో ఆడి, ఇసుకలో నడిచి, సాయంకాలానికి ఇళ్లకు మరలుతారు. అలసిన మనస్సుకు సముద్రం మంచి ఔషధమే. అయితే ఈ తీరంలోని దర్శనీయ స్థలాలలో ప్రథమ స్థానం మోటుపల్లికి దక్కవలసి ఉంది.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలోని ఒక గ్రామం. కాకతీయుల కాలంలో అది సుప్రసిద్ధమైన రేవు. పూర్వం తుఫానుకు చిక్కిన ఓడ ఈ తీరానికి కొట్టుకొని వస్తే, అందులోని సరకు సమస్తం రాజుల వశమయ్యేది. సముద్రం విడిచిపెట్టిన వర్తకుణ్ణి ఒడ్డు దోచుకొనేది. 1244 ప్రాంతంలో గణపతిదేవ చక్రవర్తి ఈ దురాచారాన్ని మాన్పించి, దేశాంతర, ద్వీపాంతర వర్తకులకు అభయమిస్తూ శిలాశాసనం వేయించాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకం తప్ప మరేమీ గ్రహించబోమని మాట ఇచ్చాడు. కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం మొదలైన సరకుల సుంకాలు కూడ అందులో పేర్కొనబడ్డాయి. దయాధర్మం, రాజనీతి ఒకే శిలపై ఇంత స్పష్టంగా కలిసి కనిపించడం అరుదు.

ఆ అభయం వ్యర్థం కాలేదు. 13వ శతాబ్ది చివర మార్కోపోలో ఈ రేవు పేరుతోనే ఈ రాజ్యాన్ని వర్ణిస్తూ, ఒక రాణి న్యాయపాలనను, ఇక్కడి అతిసన్నని నూలు వస్త్రాలను కొనియాడాడు. ఆ రాణి రుద్రమదేవియే అని చరిత్రకారుల అభిప్రాయం. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడ ఇక్కడి వర్తకులకు అభయమిచ్చాడు. నేడు ప్రత్తి పండించే ఈ ప్రాంతపు విద్యార్థికి ఇది పరాయి కథ కాదు.

మోటుపల్లితో పాటు చూడదగినవి మరికొన్ని ఉన్నాయి. క్రీస్తుపూర్వపు బ్రాహ్మీ లిపి గల ధాతుకరండాలు 1892లో భట్టిప్రోలు స్తూపంలో బయల్పడ్డాయి. 1611లో ఆంగ్లేయుల ఓడ గ్లోబ్ వర్తకానికై నిజాంపట్నం రేవుకు వచ్చింది. బాపట్లలో ప్రాచీనమైన భావనారాయణస్వామి ఆలయం ఉంది. కెరటాలను చూడబోయినవారు మరొక పూట వెచ్చిస్తే రెండు వేల ఏళ్ల చరిత్ర కంటబడుతుంది.

విశ్రాంతికి వచ్చినవారికి శాసనపాఠం దేనికని కొందరు ప్రశ్నించవచ్చు. శాసనాన్ని పండితులవలె పరిశోధించనక్కరలేదు. అందులోని మాట నాలుగు వాక్యాలలో తెలిస్తే చాలు. కనుక ఇటువంటి ప్రతి శిల చెంతనూ దాని భావం సులభమైన తెలుగులో వ్రాసి ఉంచాలి. సమీప కళాశాలల విద్యార్థులు, అధ్యాపకులు ఆ భావాన్ని సిద్ధం చేసి, పురావస్తు శాఖ అనుమతితో ఫలకంగా నిలపవచ్చు. విలువ తెలియని వస్తువును ఎవరూ కాపాడరు. భావం తెలియని శాసనం చూపరులకు వట్టి రాయి. దానికి సున్నం పూసినా, మేకు కొట్టినా అడిగేవారుండరు. ఆపదలో ఉన్నవాని సొత్తు ముట్టరాదని రాజు చేత పలికించిన ఆ రాతిని కాపాడే భారం ఇప్పుడు దానిని చదవగలవారిదే.