బండి కొండెక్కాలి... ఖర్చు కాదు!

2022 సెప్టెంబరు 27. తిరుమలలో బ్రహ్మోత్సవాలు మొదలైన రోజు. అలిపిరి దగ్గర కొత్త బస్సులకు అప్పటి ముఖ్యమంత్రి జెండా ఊపారు. పొగ లేదు, ఇంజిను రొద లేదు. అవి ఆర్టీసీ విద్యుత్ బస్సులు. 'కరెంటు బండి ఘాట్ ఎక్కుతుందా? మధ్యలో ఆగిపోతే?' అని అనుమానించిన వాళ్లు తక్కువేం కాదు. తిరుపతికి కేటాయించిన 100 బస్సుల్లో సగం కొండ కోసమే. ఆ మలుపుల్లోనే అవి భక్తులను ఎక్కించుకుని తిరిగాయి. అనుమానం తీరింది.

బస్సు సంగతి సరే... మరి ఇంటి కారు?

తిరుపతి, చిత్తూరుల్లో కారు కొనాలనుకునే ఇళ్లలో ఇప్పుడు ఇదే చర్చ. పిల్లల చదువు, ఇంటి వాయిదాలు పోను మిగిలిన దాంట్లోంచి పన్నెండు, పద్నాలుగు లక్షలు తీసి బండి మీద పెట్టడమంటే మాటలు కాదు. పెట్రోలు ఖర్చు తప్పుతుందన్న ఆశ ఒకవైపు, దారిలో చార్జింగ్ అయిపోతే ఎలా అన్న భయం మరోవైపు. ఆశకూ భయానికీ మధ్య కొంచెం లెక్క వేసుకుంటే దారి కనిపిస్తుంది.

అదే ధర... ఒకటిన్నర రెట్ల బ్యాటరీ

మనకు దగ్గరలోని బెంగళూరులో 2001లోనే 'రేవా' అనే బుల్లి విద్యుత్ కారు వచ్చింది. అప్పట్లో దాన్ని ముచ్చటగా చూసినవాళ్లే ఎక్కువ, కొన్నవాళ్లు తక్కువ. మధ్యతరగతి కుటుంబం సీరియస్‌గా ఆలోచించే బండి రావడానికి దాదాపు ఇరవయ్యేళ్లు పట్టింది. 2020 జనవరిలో టాటా నెక్సాన్ విద్యుత్ కారు 13.99 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. దాని బ్యాటరీ సామర్థ్యం 30.2 యూనిట్లు. 2024 సెప్టెంబరులో అదే నెక్సాన్‌ను 45 యూనిట్ల బ్యాటరీతో తెచ్చినప్పుడు కూడా ప్రారంభ ధర 13.99 లక్షలే! ప్రపంచవ్యాప్తంగా లిథియం బ్యాటరీల ధర పడిపోవడమే ఇందుకు కారణం.

ఇక్కడ యూనిట్ అంటే మన ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే. పెట్రోలు కారుకు ట్యాంకు ఎన్ని లీటర్లో, దీనికి బ్యాటరీ ఎన్ని యూనిట్లో అన్నమాట.

ఆ తర్వాత వరస కట్టి వచ్చాయి. 2023లో మహీంద్రా ఎక్స్‌యూవీ 400, 2024 జనవరిలో 10.99 లక్షల ప్రారంభ ధరతో టాటా పంచ్, అదే ఏడాది సెప్టెంబరులో ఎంజీ విండ్సర్, 2025 జనవరిలో 17.99 లక్షలతో హ్యుందాయ్ క్రెటా విద్యుత్ కారు మార్కెట్లోకి దిగాయి. మన రాయలసీమకు గర్వకారణం ఇంకోటుంది. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో తయారైన క్యారెన్స్ క్లావిస్ విద్యుత్ కారు 2025 జులైలో విడుదలైంది. అది ఏడుగురు కూర్చునే పెద్ద బండి. ధర కూడా పెద్దదే.

కంపెనీలు చెప్పేవన్నీ షోరూమ్ ధరలు. వాటి మీద రిజిస్ట్రేషన్, బీమా వంటివి కలిసి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకున్నాకే బండ్లను పోల్చాలి. ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి ఆ కాగితం తాజాది కావాలి.

కొండ లెక్క ఇదీ...

తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు తేడా రమారమి 700 మీటర్లు. ఐదుగురితో కలిపి 1,800 కిలోలు తూగే కారును అంత ఎత్తుకు ఎత్తడానికే దాదాపు మూడున్నర యూనిట్ల శక్తి కావాలి. రోడ్డు రాపిడి, ఏసీ, మోటారు నష్టాలు కలిపితే పైకి చేరేసరికి అయిదారు యూనిట్లు ఖర్చవుతాయి. 30 యూనిట్ల బ్యాటరీలో అది అయిదో వంతు.

అమ్మో అనిపిస్తుంది. అయితే దిగేటప్పుడు కథ మారుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మోటారు జనరేటరులా పనిచేసి బ్యాటరీలోకి కరెంటు పంపిస్తుంది. బండి కూడా నెమ్మదిస్తుంది. దిగి అలిపిరి చేరేసరికి ఒక యూనిట్ పైచిలుకు తిరిగి జమ కావచ్చు. అంటే రానూపోనూ కలిపి చూస్తే ఘాట్ రోడ్డు విద్యుత్ కారుకు పెద్ద శత్రువేం కాదు. పైగా దిగేందుకు కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన ఉండనే ఉంది. నెమ్మదిగా దిగడం ఈ బండికి అచ్చొచ్చే అలవాటు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. కొండ మీద బ్యాటరీని వందశాతం నింపుకుని దిగకూడదు. నిండిన కుండలో నీళ్లు పట్టవు కదా! బ్యాటరీ నిండుగా ఉంటే దిగుడులో పుట్టే కరెంటుకు చోటుండదు. అప్పుడు బండిని ఆపే భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది. ఎనభై, ఎనభై అయిదు శాతం దగ్గర ఆపేస్తే మేలు.

అసలు శత్రువు హైవే వేగం. 80 వేగంలో యూనిట్‌కు 7 కి.మీ. ఇచ్చే బండి, 110లో నడిపితే అయిదుకు పడిపోవచ్చు. ఘాట్‌లో మిగిల్చుకున్నదంతా సిక్స్‌లైను రోడ్డు మీద కరిగిపోతుంది.

బెంగళూరు వెళితే మరో 'తిరుమల'!

కంపెనీ ప్రకటించే దూరం పరీక్షా కేంద్రంలో తేలింది. మన ఎండలో, మన ఏసీతో, మన ట్రాఫిక్‌లో అందులో 65 నుంచి 75 శాతం వస్తుందనుకుని లెక్క వేసుకోవడం క్షేమం. 315 కి.మీ. అని రాసి ఉంటే 200 - 230 అనుకోవాలి. 489 అంటే 320 - 360.

ఇప్పుడు మన ఊళ్ల దూరాలు చూద్దాం. తిరుపతి - చిత్తూరు సుమారు 70 కి.మీ. రానూపోనూ 140. చిన్న బ్యాటరీ బండి కూడా హాయిగా తిరిగొస్తుంది. చిత్తూరు నుంచి వేలూరు ఆస్పత్రికి వెళ్లి రావడం, కాణిపాకం, శ్రీకాళహస్తి దర్శనాలు... వీటికి దారిలో చార్జింగ్ అవసరమే రాదు. తిరుపతి నుంచి చెన్నై దాదాపు 140 కి.మీ. పెద్ద బ్యాటరీ ఉంటే అదేరోజు తిరిగి రావచ్చు. చిన్నదైతే అక్కడ ఒకసారి నింపుకోవాలి.

చిక్కంతా బెంగళూరు దారిలోనే. దూరం 250 కి.మీ. ఒక్కటే కాదు, అది ఎగువ దారి. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే, బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్, పలమనేరు, ముళబాగిలు... అలా ఎక్కుతూనే పోతాం. అంటే తెలియకుండానే ఇంకో తిరుమల కొండ ఎక్కినట్టు! ఆ ఎక్కుడుకే పాతిక కిలోమీటర్ల దూరానికి సరిపడా కరెంటు ఖర్చవుతుంది. తిరుగు ప్రయాణంలో అందులో కొంత కలిసొస్తుంది. అందుకే బెంగళూరులో పిల్లలు ఉద్యోగం చేస్తూ, తల్లిదండ్రులు నెలకు రెండుసార్లు వెళ్లొచ్చే ఇంటికి 25 యూనిట్ల బండి చాలదు. 40 పైన ఉన్నది చూసుకోవాలి. దారిలో ఒక ఫాస్ట్ చార్జరు ఎక్కడుందో, అది పనిచేయకపోతే రెండోది ఎక్కడుందో ముందే చూసుకుని బయల్దేరాలి. ఫాస్ట్ చార్జింగ్ కూడా 80 శాతం దాటాక బాగా నెమ్మదిస్తుంది. దాని కోసం కాచుకుని కూర్చోవడం కన్నా బయల్దేరడమే మంచిది.

నెలకెన్ని కిలోమీటర్లు?

రంగు, టచ్‌స్క్రీన్, సన్‌రూఫ్... ఇవన్నీ తర్వాత. ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. పెట్రోలు లీటరు 110 రూపాయలు, పెట్రోలు కారు లీటరుకు 15 కి.మీ., ఇంటి కరెంటు యూనిట్ 10 రూపాయలు, విద్యుత్ కారు యూనిట్‌కు 7 కి.మీ., చార్జింగ్‌లో పన్నెండు శాతం వృథా... ఇలా అనుకుని మూడు ఇళ్ల లెక్క చూద్దాం. రెండు బండ్ల ధరల మధ్య తేడా 4 లక్షలనుకుందాం.

మొదటి ఇల్లు చిత్తూరులో. ఉద్యోగం తిరుపతిలో. రోజుకు 140 కి.మీ., నెలకు 24 రోజులు. అంటే దాదాపు 3,360 కి.మీ. పెట్రోలుకు 24,600 రూపాయలు. కరెంటుకు 5,400. నెలకు 19 వేలు మిగులు! రెండేళ్లు తిరక్కుండానే తేడా సొమ్ము చేతికొస్తుంది. ఈ ఇంటికి మీనమేషాలు లెక్కించాల్సిన పనే లేదు. అయితే ఒక్క మాట. 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కి.మీ. అని బ్యాటరీ వారంటీ ఉంటే, ఏడాదికి 40 వేల కి.మీ. తిరిగే ఈ బండికి అది నాలుగేళ్లకే ముగుస్తుంది. కిలోమీటర్ల పరిమితి ఎక్కువున్న వారంటీ చూసుకోవాలి.

రెండో ఇంట్లో నెలకు వెయ్యి కిలోమీటర్లు. పెట్రోలుకు 7,300, కరెంటుకు 1,600. ఏడాదికి 68 వేలు మిగులు. ఆరేళ్లకు తేడా తీరుతుంది. బండిని ఎనిమిదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే లాభమే. మూడేళ్లకోసారి మార్చే అలవాటుంటే కాదు.

మూడో ఇల్లు తిరుపతిలో రిటైరైన దంపతులది. కూరగాయల మార్కెట్టు, గుడి, ఆస్పత్రి, అప్పుడప్పుడూ బంధువుల ఇళ్లు. నెలకు 300 కి.మీ. మిగిలేది నెలకు 1,700 రూపాయలు. తేడా తీరడానికి పంతొమ్మిదేళ్లు పైమాటే! అంతకుముందే బండి పాతదైపోతుంది. పొగ వద్దు, చప్పుడు వద్దు, గేర్ల బెడద వద్దు అనుకుంటే కొనొచ్చు. డబ్బు ఆదా అవుతుందని మాత్రం కొనకూడదు. పైగా ఆ 4 లక్షలూ అప్పు తెచ్చినవైతే, ఏటా మిగిలేదాని కన్నా కట్టే వడ్డీయే ఎక్కువ.

ఇంకో సంగతి. విద్యుత్ వాహనాలకు జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్నును 18 శాతానికి తగ్గించారు. దాంతో రెండింటి మధ్య దూరం మారింది. పాత లెక్కలు పట్టుకుని నిర్ణయానికి రాకూడదు. వాహన రుణం వడ్డీ మీద లక్షన్నర దాకా ఆదాయపన్ను మినహాయింపు అనే మాట ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంటుంది. అది 2023 మార్చి 31లోపు మంజూరైన రుణాలకే.

బ్యాటరీ అద్దెకిస్తాం అంటే...

బండి మాత్రం కొనండి, బ్యాటరీకి కిలోమీటరుకు ఇంతని కట్టండి అనే పద్ధతిని విండ్సర్ విడుదలప్పుడు తెచ్చారు. అప్పటి లెక్క 9.99 లక్షలు, ఆపైన కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. చూడ్డానికి చౌక. దానికి కరెంటు ఖర్చు కూడా కలిపితే కిలోమీటరుకు అయిదు రూపాయలు దాటుతుంది. పెట్రోలుకయ్యే ఏడు రూపాయల పైచిలుకుతో పోలిస్తే మిగులు తగ్గిపోతుంది. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉందా, ఉంటే ఎంత, బండి అమ్మాలనుకుంటే అద్దె ఒప్పందం ఏమవుతుంది... ఈ మూడూ అడగాలి.

ఇంట్లో ప్లగ్గు... ఒంట్లో ఓపిక

పైలెక్కలన్నీ ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే వాళ్లవే. బయటి ఫాస్ట్ చార్జరులో యూనిట్ 20 రూపాయలు పడితే ఖర్చు రెట్టింపవుతుంది. కాబట్టి సొంత పార్కింగ్ లేని ఇంటికి విద్యుత్ కారు కష్టమే. 15 ఆంపియర్ల ప్లగ్గుతో గంటకు మూడు యూనిట్ల దాకా ఎక్కుతుంది. 40 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే పద్నాలుగు గంటలు. 7.2 కిలోవాట్ల చార్జరు బిగిస్తే ఆరు గంటలు. రోజూ యాభై కిలోమీటర్లు తిరిగే వాళ్లకు రాత్రి మూడు గంటలు మామూలు ప్లగ్గు చాలు.

ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడకూడదు. పెద్ద చార్జరు పెట్టేముందు మీటరుకు మంజూరైన లోడు సరిపోతుందో లేదో విద్యుత్ సంస్థ దగ్గర చూసుకోవాలి. మన సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. అపార్ట్‌మెంట్ అయితే అడ్వాన్సు కట్టకముందే సంఘంతో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోవాలి. బండి వచ్చాక మొదలయ్యే తగాదా త్వరగా తెగదు.

ఇక బ్యాటరీ రకం. మేలో 40 డిగ్రీలు దాటే మన ఎండలకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం నప్పుతుంది. బరువు కాస్త ఎక్కువైనా వేడికి ఓర్చుకుంటుంది, ఎక్కువసార్లు చార్జింగ్‌కు తట్టుకుంటుంది. నెక్సాన్, పంచ్, విండ్సర్‌లలో వాడింది ఈ రకమే. భద్రత విషయానికొస్తే, పంచ్, నెక్సాన్ విద్యుత్ కార్లు రెండూ 2024లో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. ఏ బండి కొన్నా ఈ ఫలితం అడగడం మరవొద్దు.

బ్యాటరీలు మన జిల్లాకు కొత్తేం కాదు. 1985లో కరకంబాడిలో మొదలైన అమర రాజా ఇప్పుడు తెలంగాణలోని దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల భారీ ఫ్యాక్టరీ కడుతోంది. ముణోత్ సంస్థ తిరుపతిలోనే లిథియం సెల్స్ తయారీకి యూనిట్ పెట్టింది. అవి సెల్‌ఫోన్ల వంటి చిన్న పరికరాల కోసం.

టెస్ట్‌డ్రైవ్ అంటే షోరూమ్ చుట్టూ రెండు కిలోమీటర్లు కాదు. ఇంట్లో అందరినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, వీలైతే భాకరాపేట ఘాట్ దాకా వెళ్లిరావాలి. బయల్దేరినప్పుడు ఎంత శాతం, వచ్చాక ఎంత శాతం రాసుకోవాలి. సేల్స్‌మ్యాన్ చెప్పే మాట కన్నా ఆ రెండు అంకెలే నమ్మదగ్గవి.