తాళాలు ఎవరి కొంగున?

వేసవి వచ్చిందంటే మనకో లెక్క ఉంటుంది. కొత్త చింతపండు ఎన్ని కిలోలు తీసుకోవాలి, ఎండుమిరపకాయలు ఎన్ని, కందిపప్పు ఎన్ని నెలలకి సరిపోతుంది, ఆవకాయకి కాయ ఎక్కడ దొరుకుతుంది... ఏ కాలేజీలోనూ నేర్పకపోయినా ఇంటికి ఏడాది ప్రణాళిక వేసేది మనమే. ఢిల్లీలో పంచవర్ష ప్రణాళికలు వేసినవాళ్లు కూడా ఇంత గట్టిగా లెక్క చూసుకుని ఉండరు. అలాంటి ఇల్లాలే చీరలో పచ్చళ్లో బ్లౌజులో అమ్ముతూ ఒక వెబ్‌సైట్ పెట్టుకుందనుకోండి. దాని సంగతి అడిగితే మాత్రం "అదంతా మా మరిది చూసుకుంటాడండీ" అనేస్తుంది. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మరిది చూసుకోవడం తప్పని కాదు. చూసుకోనివ్వండి. కానీ ఆ సైట్ పేరు ఎవరి పేరున ఉంది? స్థలం కొంటే రిజిస్ట్రేషన్ ఎవరి పేరున అని ముందే అడుగుతాం కదా! సైట్ పేరుకీ రిజిస్ట్రేషన్ ఉంటుంది. నిజానికి అది కొనుక్కోవడం కూడా కాదు, అద్దెకి తీసుకోవడం. డాట్ కామ్ పేరుని ఒక విడతకి పదేళ్లకి మించి ఎవరికీ ఇవ్వరు. మనలో చాలామంది ఏడాదికే కడతాం. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరు, ఎవరి మెయిలు ఉంటే వాళ్లదే అది. బోర్డు మీద మీ పేరున్నా, పచ్చడి మీరే కలిపినా సరే!

నాకు తెలిసిన ఒకావిడ రాజమండ్రిలో పచ్చళ్లు, పొడులు అమ్ముతారు. పక్కింటి కుర్రాడు ఇంజనీరింగ్ చదువుతూ అభిమానం కొద్దీ ఆవిడకి సైట్ చేసిపెట్టాడు. పైసా పుచ్చుకోలేదు. పేరు తన మెయిలుతోనే రిజిస్టరు చేశాడు. తర్వాత ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లాడు, కాలేజీ రోజుల మెయిలు చూడటం మానేశాడు. గడువు గుర్తుచేసే ఉత్తరాలన్నీ అక్కడికే పోయాయి. సరిగ్గా కొత్తావకాయ పంపే రోజుల్లో సైట్ మాయమైంది. కుర్రాడు మంచివాడు కాబట్టి వాళ్లమ్మ ద్వారా దొరికాడు, జరిమానాతో సహా కట్టాక పేరు తిరిగొచ్చింది. కానీ మూడు వారాల ఆర్డర్లు మాత్రం రాలేదు. "పదేళ్లుగా నా చేతి పచ్చడిని నమ్మి కొంటున్నారు, ఆ పేరు మీద నాకే హక్కు లేదా?" అని ఆవిడ అడిగిన మాట నన్ను ఇంకా వదల్లేదు. ఒకవేళ ఆ రెండిళ్ల మధ్యా గోడ తగాదా ఉండి ఉంటే ఏమయ్యేది?

పెద్దవాళ్లూ ఈ మరుపుకి అతీతులు కారు లెండి. 1999లో మైక్రోసాఫ్ట్ వాళ్లు పాస్‌పోర్ట్ డాట్ కామ్ అనే పేరుకి డబ్బు కట్టడం మరిచిపోయారు. దాంతో హాట్‌మెయిల్ చాలామందికి తెరుచుకోలేదు. క్రిస్మస్ పూట ఎవరో ప్రోగ్రామరు తన జేబులోంచి 35 డాలర్లు కట్టి ఆదుకున్నాడు. మనకి అలాంటి దాత దొరుకుతాడని ఆశ పెట్టుకోలేం కదా.

డాట్ కామ్ లాంటి పేర్లకి గడువు తీరేముందు సుమారు నెల ముందొకసారి, వారం ముందొకసారి కంపెనీవాళ్లు గుర్తుచేసి తీరాలని నియమం ఉంది. గడువు దాటాక కంపెనీని బట్టి కొన్నాళ్లు ఓపిక పడతారు. ఆ తర్వాత 30 రోజుల పాటు అదనంగా కట్టి విడిపించుకోవచ్చు. అదీ దాటితే మరో 5 రోజులకి ఆ పేరు బజారున పడుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. అలా పోయిన పేరు మీద జూదం ప్రకటనలు పెట్టినవాళ్లున్నారు. మీ పాత కస్టమరు పులిహోర పొడి కోసం వెళ్లి పేకాట చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇదే భయాన్ని ఆసరా చేసుకుని "మీ పేరు గడువు ముగిసింది, వెంటనే కట్టండి" అని దొంగ మెయిళ్లూ వస్తాయి. మీ పేరు ఏ కంపెనీలో ఉందో, తేదీ ఎప్పుడో మీకు తెలిస్తే వాటిని చూసి నవ్వుకోవచ్చు. తెలియకపోతే కంగారులో కట్టేస్తారు.

అందుకే ఒక మామూలు నోట్‌బుక్కు తీసుకోండి. పేరు ఏ కంపెనీలో, సైట్ ఉన్న జాగా ఏ కంపెనీలో, ఏ మెయిలుతో, గడువు ఎప్పుడు, ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది... అన్నీ రాయండి. పాస్‌వర్డులు కాగితం మీద రాయకూడదని చదువుకున్నవాళ్లు అంటారు. నేనైతే, అన్నిటికీ పిల్లాడి పుట్టినరోజే పెట్టుకోవడం కన్నా, వేటికవి వేరుగా పొడవుగా పెట్టుకుని ఆ పుస్తకాన్ని బీరువాలో నగల పక్కన దాచుకోవడం నయమంటాను. షాపు కంప్యూటరుకి చీటీ అంటించడం మాత్రం వద్దు. గడువు తేదీల్ని వంటింటి క్యాలెండరు మీద, నెల ముందు గడిలో, గ్యాస్ బుకింగులు రాసుకునే పెన్నుతోనే రాయండి.

ఇక్కడ అసలు చిక్కు ఇంట్లోనే వస్తుంది. "ఓటీపీ నా ఫోనుకి రావాలి" అని అడగ్గానే "ఏం వదినా, నామీద నమ్మకం లేదా?" అంటారు. ఆయన ముఖం ముడుచుకుంటారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. బ్యాంకు లాకరుకి ఇద్దరి పేర్లూ పెట్టుకుంటే అది అపనమ్మకమా? మనిషికి జ్వరం రావచ్చు, ఊరు మారవచ్చు, ఫోను పోవచ్చు. ఆ మాటే చెప్పండి. పనులు ఆయన్నే చేయమనండి, తాళాలు మాత్రం మీ కొంగున ముడి వేసుకోండి. సైట్ చేసే బయటివాళ్లతో అయితే మొహమాటం అసలే అక్కర్లేదు. పేరు నా మెయిలుతో రిజిస్టరు చేస్తేనే అడ్వాన్సు అనండి.

సైట్లలో నూటికి 40కి పైగా వర్డ్‌ప్రెస్ మీద నడుస్తాయి. మీదీ అదే అయ్యుండొచ్చు. దానికి తగిలించిన చిన్నచిన్న ప్లగిన్లు పాతబడితే వాటిలోంచే దొంగలు దూరతారు. వాడనివి తీసేయించండి, మిగతావి ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయించండి. పెద్ద మార్పులు శ్రావణమాసంలోనో దసరా ముందో పెట్టుకోకండి. మూఢం రోజుల్లో పెళ్లిళ్లుండవు, చీరల గిరాకీ తగ్గుతుంది. ఆ తీరికలో చేయించుకోండి. అప్పుడే సైట్ నకలు ఒకటి పెన్‌డ్రైవులో ఇంటికి తెచ్చుకుని, దాంతో సైట్ మళ్లీ లేస్తుందో లేదో ఒక్కసారి లేపించి చూడండి. అసలున్న చోటే నకలూ ఉంచడమంటే రెండో తాళంచెవిని కూడా అదే గుత్తికి తగిలించడమే.

ఏడాదికోసారి చూస్తే చాలనుకోడానికి వీల్లేనిది ఒకటుంది. సైట్‌కి ఇచ్చే భద్రతా సర్టిఫికెట్. ఒకప్పుడు సుమారు 13 నెలలు నడిచేది. 2026 మార్చి 15 నుంచి ఇచ్చేవాటికి 200 రోజులే గరిష్ఠం. 2027లో 100 రోజులు, 2029 మార్చికి 47 రోజులు. చేత్తో మార్చుకుంటూ కూర్చోలేం. దానంతటదే మారేలా పెట్టారా అని అడగండి. ఇంకో ప్రశ్న, కస్టమర్ల కార్డు నంబర్లు మన సైట్లో దాస్తున్నారా? 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు వాటిని దాచకూడదని రిజర్వు బ్యాంకు నియమం.

వారానికోసారి మాత్రం కస్టమరులాగా, వేరే ఫోనులోంచి మీ సైట్ తెరిచి చూడండి. ఫోను నంబరు మీదేనా? క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీ పేరే వస్తోందా? దొంగ లోపలికొస్తే బల్లలూ కుర్చీలూ పగలగొట్టడు. చడీచప్పుడు లేకుండా ఆ కోడ్ మార్చేసి పోతాడు. మీ కష్టం డబ్బు అతని ఖాతాలో పడుతుంటే సరుకు అందలేదని తిట్లు మీకు పడతాయి. అలా జరిగితే పరువు పోతుందని దాచుకోకండి. డబ్బు పోయినవాళ్లని వెంటనే 1930కి ఫోను చేయమనండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. ఆ నంబరు కూడా క్యాలెండరు మీదే, గ్యాస్ ఏజెన్సీ నంబరు పక్కన రాసిపెట్టుకోండి.