గానుగెద్దు నడక

గానుగెద్దు దినమంతయు నడచును. సాయంకాలమున లెక్కించినచో అది నడచిన దూరము కొన్ని క్రోసులుండును. కాని, అది ఉదయమున నున్న చోటనే యుండును. మన యువకులలో పెక్కుమంది చేయు వ్యాయామసాధన ఈ నడకను బోలియున్నదని నా యభిప్రాయము.

నెల్లూరి తీరమున మైపాడు ఇసుకలో వేకువనే పరుగెత్తు యువకులను చూచితిని. కొందఱు పాఠశాలల పోటీలకై, కొందఱు పోలీసు ఉద్యోగములకై శ్రమించుచుందురు. "నేడేమి సాధించితివి?" అని యడిగినచో "ఐదు కిలోమీటర్లు పరుగెత్తితిని" అని చెప్పుదురు. వారి శ్రమను నేను తక్కువ చేయను. కాని, దూరము శ్రమకు కొలత, నేర్పునకు కాదు.

ఈ పొరపాటు నేనును చేసితిని. ప్రధానోపాధ్యాయుడనై యున్న కాలమున మా విద్యార్థి యొకడు ప్రతి పందెములోను చివరి భాగమున వెనుకబడుచుండెను. "ఇంకను ఎక్కువగా పరుగెత్తుము" అని ఆజ్ఞాపించితిని. విధేయుడైన ఆ బాలుడు దినదినము మైదానము చుట్టు తిరిగెను. అతడు ఆరంభముననే బలమంతయు వెచ్చించుచున్నాడని నేను గమనింపనైతిని. తుదకు మోకాలి నొప్పిచే ఆ యేడు పందెమునకే రాలేకపోయెను. "మీరు చెప్పినదంతయు చేసితిని గదా, అయ్యవారూ!" అని అతడనగా నాకు నోట మాట రాలేదు.

ఇదే తీరమున మత్స్యకారుల బిడ్డ వల విసరుట నేర్చుకొను తీరు చూడుడు. వల విచ్చుకొనక ముడుచుకొని పడినచో, మరి నూఱుమాఱులు విసరుమని చెప్పి తండ్రి యూరకుండడు. ఏ చేయి ముందుగా విడిచెనో చూపును. తరువాతి విసరులో బాలుని మనస్సంతయు ఆ యొక్క లోపముపైననే నిలుచును. అది తీరినదో లేదో నీటిపై వెంటనే కనబడును. సాధన యనగా ఇదియే.

ఈ సముద్రతీరముననే, ఉత్తరమున నున్న విశాఖపట్టణమునకు చెందిన జ్యోతి యర్రాజి నూఱు మీటర్ల హర్డిల్సు పరుగున పేరు గాంచినది. ఆ పరుగులో 84 సెంటీమీటర్ల ఎత్తుగల అడ్డులు పది యుండును. రెండు అడ్డుల నడుమ దూరము ఎనిమిదిన్నర మీటర్లు. దానిని మూడే అంగలలో దాటవలెను. ఒక్క అంగ తప్పినను లయ చెడును. కావున ఎగురుట, దిగుట, దిగిన వెంటనే పరుగందుకొనుట అను వానిని వేఱువేఱుగా దిద్దుకొనక తప్పదు.

2002లో అనురాధా బిశ్వాల్ నెలకొల్పిన 13.38 సెకనుల జాతీయ రికార్డు ఇరువది యేండ్లు నిలిచెను. 2022 ఏప్రిలులో జ్యోతి అంతకంటె తక్కువ కాలమున పరుగు ముగించినను, వెనుకగాలి సెకనుకు 2.1 మీటర్లుండెను. అనుమతింపబడిన హద్దు 2 మీటర్లే యగుటచే అది రికార్డు కాలేదు. ఆమె నిరాశ చెంది మానలేదు. మరుసటి నెలలోనే సైప్రసు దేశమున 13.23 సెకనులతో పాత రికార్డును దాటెను. 2023లో చైనాలోని చెంగ్డూలో 12.78 సెకనులకు చేరెను. పాత రికార్డునకును దీనికిని గల భేదము సెకనులో పదింట ఆఱు వంతులు. పది అడ్డులకు పంచినచో ఒక్కొక్క దానికి వచ్చునది సెకనులో నూటికి ఆఱు పాళ్లు మాత్రమే! అంత సూక్ష్మమైన లాభము గ్రుడ్డి శ్రమకు చిక్కునది కాదు.

"మా పల్లెలలో శిక్షకులు లేరే!" అని కొందఱందురు. ఆ కొఱత నిజమే, అది తీరవలసినదే. అంతవఱకు గడియారము పట్టుకొని చూచు స్నేహితుడొకడు, నాటి లోపమును వ్రాసికొను చిన్న పుస్తకము చాలునని నా నమ్మకము. అలసిన దేహమునకు విశ్రాంతి నిచ్చుటయు సాధనలో భాగమే. ఇక వినోదమునకై యాడు ఆటలకు ఈ లెక్కలేవియు వలదు, మనసార ఆడుకొనుడు.

బాలబాలికలారా! గెలువగోరి మైదానమున నడుగిడినప్పుడు "నేడు ఏ లోపమును దిద్దుకొందును?" అని ప్రశ్నించుకొనుడు. గానుగెద్దు కన్నులకు గంతలు కట్టుదురు. అందుచే దానికి తన దారి తెలియదు. మీ కన్నులకు గంతలు లేవు.