మెజిస్ట్రేటు ముందు మూతపడే ఫైలు

తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో తరచూ కనిపించే 'గుర్తు తెలియని వాహనం ఢీకొని మృతి' అనే శీర్షికలో చట్టం విడివిడిగా చూసే రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ ప్రకారం, తగినంత ప్రయత్నించినా ఏ వాహనం ఢీకొట్టిందో తేలని ప్రమాదమే 'హిట్ అండ్ రన్'. భారతీయ న్యాయ సంహితలోని 106(2) సెక్షన్ ఆ పేరు వాడకుండానే, నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసి, వెనువెంటనే పోలీసు అధికారికో మెజిస్ట్రేటుకో తెలియజేయకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలుశిక్ష నిర్దేశించింది. మొదటి నిర్వచనానికి వాహనం దొరక్కపోవడం ముఖ్యం, రెండోదానికి మనిషి పారిపోవడం ముఖ్యం. స్థానిక కోర్టుల తీరుపై జరిగే చర్చ ఈ తేడాను పట్టించుకోనందువల్లనే ఎప్పుడూ శిక్ష ఎన్నేళ్లన్న లెక్క దగ్గర ఆగిపోతుంది.

ఆ పదేళ్ల శిక్షే ఇంకా పుస్తకంలోని మాట. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగి, హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు పెరిగిపోయిన తరువాత, రవాణా సంఘాలతో చర్చించాకే దాన్ని అమల్లోకి తెస్తామని కేంద్రం ప్రకటించింది. ఫిబ్రవరిలో వెలువడిన నోటిఫికేషన్ సంహితను జులై 1 నుంచి అమలుచేస్తూ 106(2)ను మినహాయించింది. కాబట్టి పారిపోయిన డ్రైవరూ, పారిపోకుండా నిలబడ్డ డ్రైవరూ ఒకే 106(1) కింద విచారణకు వస్తున్నారు. పాత శిక్షాస్మృతి 304-ఎ సెక్షన్ కింద రెండేళ్లుగా ఉన్న గరిష్ఠ శిక్ష ఇందులో ఐదేళ్లయింది. అయితే ఈ నేరాన్ని విచారించే ఫస్ట్‌క్లాస్ మెజిస్ట్రేటుకు మూడేళ్లకు మించి శిక్ష విధించే అధికారం లేదు. అంతకన్నా ఎక్కువ అవసరమనుకుంటే కేసును చీఫ్ జుడీషియల్ మెజిస్ట్రేటుకు పంపవలసిందే. శిక్ష పెంచామని చెప్పుకున్నవారు ఈ మెలిక గురించి పెద్దగా మాట్లాడలేదు.

విచారణలో ప్రాసిక్యూషన్ రుజువు చేయవలసినవి రెండు: వాహనం నడిపింది ముద్దాయేనన్నది, ఆ నడపడంలో నిర్లక్ష్యం ఉన్నదన్నది. కేవలం 'అతివేగం' అని సాక్షి చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని సుప్రీంకోర్టు 1998లోనే కర్ణాటకకు చెందిన ఒక కేసులో తేల్చింది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు నివేదిక బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో చెబుతుంది తప్ప స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నదో చెప్పదు. ఆ సమయంలో బండి నడిపిందెవరో యజమాని వెల్లడించి తీరాలని మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ శాసిస్తున్నా, ఆ జవాబును కోర్టులో ఇతర సాక్ష్యాలు బలపరచవలసి ఉంటుంది. ఏళ్ల తరువాత బోనెక్కే ప్రత్యక్షసాక్షి, చీకట్లో ఒక్క క్షణం చూసిన ముఖాన్ని గుర్తుపట్టలేనంటే అతడు అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కరలేదు. ఇక పరారీ అన్నది తప్పుచేసినవాడి నడవడికగా పరిగణనలోకి వచ్చినా, సాక్ష్యంగా దాని బలం తక్కువే; ఎందుకంటే క్షతగాత్రుణ్ని ఆసుపత్రికి చేర్చే బాధ్యతను డ్రైవరుపై పెట్టిన అదే చట్టంలోని 134వ సెక్షనే, జనం ఆగ్రహావేశాల వల్ల అది సాధ్యంకాని సందర్భాన్ని మినహాయించింది. ప్రమాద స్థలంలో గుంపు చేతికి చిక్కితే ఏమవుతుందో చట్టసభకూ తెలుసన్నమాట.

పరిహారం తేల్చే మోటారు ప్రమాద ట్రైబ్యునల్ దారి వేరు. నేరవిచారణలో సందేహానికి తావులేని రుజువు కావాలి, ట్రైబ్యునల్‌కు ఏది ఎక్కువ సంభావ్యమో తేలితే చాలు. నేరకోర్టులో డ్రైవరు నిర్దోషిగా బయటపడినా పరిహారం ఆగనక్కరలేదని 1980 నుంచీ స్థిరపడిన సూత్రం. కాని ఏదో ఒక వాహనం నంబరు తెలిస్తేనే ఈ తలుపు తెరుచుకుంటుంది; దానికి బీమా లేకపోతే పరిహారం యజమాని నుంచే రాబట్టుకోవాలి. బీమా ఉన్న మరో బండిని తెచ్చి అసలుదాని స్థానంలో నిలబెట్టే మోసాలు పుట్టుకొచ్చింది ఇక్కడే.

స్థానిక కోర్టు నిజంగా ప్రభావం చూపగల ఘట్టం మాత్రం తీర్పుకు చాలా ముందు, ఎవరూ గమనించని చోట ఉంది. వాహనం ఆచూకీ దొరకలేదంటూ పోలీసులు సమర్పించే తుది నివేదికను మెజిస్ట్రేటు ఆమోదిస్తే ఫైలు మూతపడుతుంది. తోసిపుచ్చి, మరింత దర్యాప్తు చేయమని ఆదేశించే అధికారమూ ఆయనకుంది. టోల్‌ప్లాజా కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే తీసుకున్నారా, మృతుడి దుస్తుల మీద, రోడ్డు మీద మిగిలిన రంగు పెచ్చులనూ అద్దం ముక్కలనూ ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపారా, చుట్టుపక్కల డెంటింగ్ షెడ్లలో వాకబు చేశారా అన్న మూడు ప్రశ్నలు ఆ రోజున అడిగితే, సమాధానం కోసం దర్యాప్తు అధికారి ముందునుంచే సిద్ధపడవలసి వస్తుంది. అడగమని గుర్తుచేసేవారు అక్కడ ఉండకపోవడమే చిక్కు. కేసు మూసేముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి అతడి వాదన వినాలని 1985లో భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గాని, ఫిర్యాదుదారు కాని బంధువులకు ఆ నోటీసు హక్కుగా దక్కదనీ, వారు వాళ్లంతట వాళ్లు హాజరైతే వినవచ్చనీ అదే తీర్పు పేర్కొంది. ఇటువంటి ప్రమాదాల్లో తొలి ఫిర్యాదు ఇచ్చేది ఆ దారినపోయేవారో, గస్తీ కానిస్టేబులో అయితే, మృతుడి భార్యకు తన కేసు మూతపడిందన్న కబురు కూడా అందకపోవచ్చు. నోటీసు ఇచ్చే విచక్షణ మెజిస్ట్రేటుకు ఉన్నదని కూడా ఆ తీర్పే అంగీకరించింది కనుక, హైకోర్టులు ఒక సర్క్యులరుతో దాన్ని ఆనవాయితీగా మార్చవచ్చు. పార్లమెంటు కదలవలసిన పనిలేదు.

ఫైలు మూతపడిన కుటుంబానికి మిగిలేది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన హిట్ అండ్ రన్ బాధితుల పరిహార పథకం. మరణానికి రూ.2 లక్షలు, తీవ్రగాయానికి రూ.50 వేలు, అంతకుముందు ఇవి రూ.25 వేలు, రూ.12,500 మాత్రమే. దరఖాస్తును విచారించేది రెవెన్యూ అధికారి, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం; కోర్టుతో నిమిత్తం లేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో హిట్ అండ్ రన్ ప్రమాదాలు 67,387, మరణాలు 30,486 కాగా, 2022-23 ఆర్థిక సంవత్సరంలో ఈ పథకం కింద వచ్చిన దరఖాస్తులు 205, పరిష్కారమైనవి 95 అని సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 2024 జనవరి 12న ఆ కోర్టు, నెలరోజుల్లో వాహనం వివరాలు తేలకపోతే పరిహారం కోరవచ్చని బాధితులకు స్టేషను అధికారి లిఖితపూర్వకంగా తెలపాలని ఆదేశించి, పర్యవేక్షణకు జిల్లా కమిటీలు వేయమన్నది. అందులో దరఖాస్తులను విచారించే అధికారి, డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారితో పాటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి కూర్చుంటారు. న్యాయవ్యవస్థ నుంచి వచ్చి ఈ ఫైళ్లను మళ్లీ తెరిచి చూసే అవకాశం ఉన్న వ్యక్తి జిల్లా మొత్తానికి ఆ కార్యదర్శి ఒక్కరే. మెజిస్ట్రేట్లు ఆమోదించిన 'ఆచూకీ తేలలేదు' నివేదికల జాబితా ఆ బల్ల మీదికి వెళ్తున్నదో లేదో ప్రతి జిల్లా జడ్జీ ఒక లేఖతో తెలుసుకోగలరు.