రాజోలి లెక్క ఎవరి ఫైలులో ఉన్నది?

87,500 ఎకరాలు. ఆర్డీఎస్ అనంగనే అలంపూర్, గద్వాల రైతుకు యాదికొచ్చే అంకె ఇది. రాజోలిబండ దగ్గర తుంగభద్రకు అడ్డంగ కట్టిన ఆనకట్ట కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉన్నది. కాలువ అక్కడ పుట్టి మన దిక్కు వస్తది. ఈ కాలువకు బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 17.1 టీఎంసీలలో 15.9 టీఎంసీలు మనవే. కాగితం మీద నీళ్లున్నయి. కాగితం మీద ఆయకట్టున్నది. ఏండ్ల తరబడి సర్కారు పుస్తకాలలో ఆ 87,500 అట్లనే అచ్చయితా వచ్చింది. కాలువ చివరి ఊర్లలో గట్టు మీద నిలబడి చూసినోనికి మాత్రం ఎండిన తూము కనబడ్డది.

మరి 2018లో ఏమైంది? రాజోలి మండలంలోని తుమ్మిళ్ల దగ్గర ఎత్తిపోతల పెట్టిండ్రు. సుంకేసుల వెనుక జలాలను ఎత్తి అదే ఆర్డీఎస్ కాలువలో పోయాలని పథకం. ఎన్ని ఎకరాలకు? 55,600 ఎకరాలకు. ఈ అంకెను ఆ అంకె పక్కన పెట్టి చూడుండ్రి. ఆయకట్టు అని రాసుకున్న నూరు ఎకరాలలో 63 ఎకరాలకు సరిగ నీళ్లు అందలేదని సర్కారే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు గదా! రైతు దశాబ్దాల నుంచి మొత్తుకున్నది గిదే. రైతు చెప్పితే అది గోస అన్నరు. ఇంజనీరు రాస్తే అది నివేదిక అయింది.

సర్కారు విధానం చేసేముందు జనం బతుకు మీద అధ్యయనం ఉండాలె, ఆ అధ్యయనం చెప్పినట్టు విధానం మారాలె అని పెద్ద పెద్ద సభలలో మాట్లాడుతున్నరు. మంచి మాటనే. కానీ అధ్యయనాలకు మన దగ్గర ఎన్నడూ కరువు లేదు. పాలమూరులో కరువు నీళ్లకున్నది, అధ్యయనాలకు కాదు.

ఇక్రిశాట్ సంగతి ఎంతమందికి తెలుసు? 1975లో ఆ సంస్థ దేశంలో ఆరు ఊర్లను ఎంచుకొని ఇంటింటి లెక్క రాసుడు మొదలుపెట్టింది. అందులో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావే: ఔరేపల్లి, డోకూరు. ఎవరికి ఎంత భూమి, ఏ పంట, ఏ కూలి, ఎవరి దగ్గర అప్పు, వాన తప్పిన ఏడు ఏం తిన్నరు — అన్నీ ఏండ్లకేండ్లు రాసిండ్రు. ఆ లెక్కల మీద ప్రపంచంలోని పెద్ద పెద్ద యూనివర్సిటీల ఆర్థికవేత్తలు వ్యాసాలు రాసిండ్రు. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ రాసిన పేరుగాంచిన వ్యాసం ఔరేపల్లి లెక్క మీద కూడా నిలబడ్డదే. పల్లెలో కష్టం వచ్చినప్పుడు ఒకరినొకరు ఎంతమట్టుకు ఆదుకుంటరు అన్నది ఆయన ప్రశ్న. 2001 వరకు డోకూరు ఎట్ల మారిందో ఇక్రిశాట్ వాళ్లే మళ్లీ లెక్కగట్టిండ్రు. సేద్యం మీద వచ్చే ఆదాయం కుంగింది, బతుకు వలస మీదికి మళ్లింది.

అంటే పాలమూరు వలస ఎవరికీ తెల్వని రహస్యం కాదు. పాతికేండ్లు పుస్తకంలో రాసి పెట్టి ఉన్నది. అమెరికాలో చదివిండ్రు, మన సచివాలయంలో ఎవరు చదివిండ్రు? పరిశోధకుల తప్పు నేను పట్టను, వాళ్ల పని వాళ్లు చేసిండ్రు. ఆ పుస్తకానికీ బడ్జెట్‌కూ నడుమ తొవ్వ వెయ్యనోళ్లది తప్పు.

ఉద్యోగ మిత్రులకు ఇది కొత్త సంగతి కాదు. 58,962 అనే అంకె యాది లేని తెలంగాణ ఉద్యోగి ఉన్నడా? జయభారత్ రెడ్డి కమిటీ తేల్చిన స్థానికేతరుల లెక్క అది. దాని ఫలితమే 1985 డిసెంబరు 30 నాటి 610 జీవో. జీవో వచ్చినంక అమలైందా లేదా చూడనీకి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసుకోవలసి వచ్చింది. లెక్క తేలింది, జీవో వచ్చింది, కమిషన్ వచ్చింది, అమలు రాలే. శ్రీకృష్ణ కమిటీ ముచ్చట ఇంకో తీరు. 2010 డిసెంబరు 30న ఇచ్చిన నివేదికలో ఎనిమిదో అధ్యాయాన్ని జనానికి చూపెట్టకుండ సీల్డు కవర్ల పెట్టిండ్రు. 2011లో హైకోర్టు తీర్పుతోటి అది బయటపడ్డది. జనం పైసలతో జనం మీద రాసిన అధ్యయనాన్ని జనం నుంచే దాచుడు అంటే గిదే.

అప్పుడు ఫైలు పరాయోళ్ల చేతిలో ఉన్నదన్నం. 2014 తర్వాత ఫైలు మనోళ్ల చేతికి వచ్చింది. ఆ ఏడు ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అన్నరు. ముంబైకి, పుణెకు వలసపోయినోళ్లు చార్జీలు పెట్టుకొని ఊర్లకొచ్చి, తలుపు దగ్గర కూసొని వివరాలు రాపిచ్చిండ్రు. పూర్తి నివేదిక మాత్రం జనం ముందటికి రాలే. 2024 నవంబరులో మళ్లీ ఇంటింటి సర్వే. 2025 ఫిబ్రవరిలో 3.54 కోట్ల మంది లెక్క చెప్పిండ్రు. ముస్లిం బీసీలను కలుపుకొని బీసీలు 56.33 శాతం అన్నరు. కులం లెక్క తియ్యాల్సిందే, తీసినందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ అదే ఫారంలో భూమి, అప్పు, వలస కూడా అడిగిండ్రు గదా? రాజోలి మండలం నుంచి ఎందరు వలసపోతున్నరు, ఏ ఊరి అప్పు ఎంత అన్నది మండల ఆఫీసు గోడ మీద ఎందుకు రాయరు?

రాజోలిలో నేతపని ఉన్నది. గద్వాల చీర అని దుకాణంలో అమ్మేది గద్వాల పట్నంలోనే నేసింది కానక్కర లేదు, ఇసుంటి ఊర్ల మగ్గాల మీద నేసింది. 2019–20 చేనేత గణన దేశంలో 35 లక్షల పైచిలుకు నేత, అనుబంధ కార్మికులున్నరని, అందులో 72 శాతం ఆడోళ్లని చెప్పింది. రాజోలి మగ్గం కూడా ఆ 35 లక్షలలో కలిసిపోయింది. నూలు ఎవరిచ్చిండ్రు, చీరకు కూలి ఎవరు కట్టిండ్రు, కండెలు చుట్టే ఆడమనిషికి దినానికి ఎంత పడ్డది — ఊరి లెక్క ఊరికి తిరిగి వస్తేనే సంఘం కూసొని మాట్లాడుకోగలుగుతది.

2009 అక్టోబరు యాది చేసుకోండ్రి. తుంగభద్ర పొంగి రాజోలి మునిగింది. నష్టం రాసే కాగితంలో ఇల్లు పూర్తిగ కూలిందా, సగం కూలిందా అన్న గడి ఉంటది. గుంట మగ్గంలోకి బురద దిగితే ఏ గడిలో రాయాలె? తడిసిన నూలు షావుకారిదైతే ఆ బాకీ ఎవరి మీద పడాలె? గడి లేని కష్టానికి పరిహారం ఉండదు. ఫారం తయారు చేసేటోడు మగ్గం ముందు ఒక పూట కూసోవాలని అడుగుడు గిందుకే.

ఇగ ఇప్పటి మంట. రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2025 జూన్‌లో రైతులు రోడ్డెక్కిండ్రు. కేసులైనయి, అరెస్టులైనయి, రైతులకు బేడీలేసి కోర్టుకు తెచ్చిన సంగతి రాష్ట్రమంత చూసింది. ఫ్యాక్టరీతోటి కొలువులొస్తయి, మక్కలు కొంటరు అని ఒక వాదన ఉన్నది. అది వట్టి మాట అని ఇక్కడ కూసొని నేను అనలేను. నిజమని వాళ్లూ అనలేరు, ఎందుకంటే ఊరిని కూసోబెట్టి అడిగింది లేదు. 2021లో కేంద్రం ఇథనాల్ ఫ్యాక్టరీలకు పర్యావరణ అనుమతులు సులువు చేసి, ప్రజాభిప్రాయ సేకరణ లేకుండనే దాటిపోయే తొవ్వ ఇచ్చింది. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అనే మంచి ముక్క ఒకటుంటే, 2017లో తెలంగాణ సర్కారు సవరణ తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులకు దాన్నీ మినహాయించింది. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం చేయాల్సిన పనేనా ఇది?

అధ్యయనాలని కూసుంటే పనులాగిపోతయి అంటరు ఆఫీసర్లు. నాలుగు ఊర్ల అధ్యయనం నెలా రెండు నెలల పని. కేసులు ఏండ్లకేండ్లు నడుస్తయి.

చేతనైతదని చూపెట్టిన ముచ్చట కూడా మన దగ్గరనే ఉన్నది. 2006 నుంచి ఉపాధి హామీ సామాజిక తనిఖీ. కూలీల ఇండ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చిండ్రు. వాళ్లు మస్టరు రోలు పట్టుకొని ఇంటింటికి తిరిగి, పేరు పేరునా అడిగి, మండలంలో అందరి ముందట చదివి వినిపించిండ్రు. దొంగ హాజరు బయటపడితే ఆఫీసరు అక్కడనే జవాబు చెప్పాల్సి వచ్చింది. వసూళ్లు పూర్తిగ కాలేదన్న విమర్శ ఉన్నది, సరైనదే. అయినా లెక్క తీసినోడు ఊరి ముందట నిలబడ్డడు.

పాలమూరు యూనివర్సిటీ విద్యార్థులు ప్రాజెక్టు రిపోర్టు కోసం ఏదో ఒక అంశం ఎట్లయినా రాయాల్సిందే గదా, పెద్ద ధన్వాడనూ రాజోలినీ ఎందుకు రాయొద్దు? బోరు బావులెన్ని, మక్క ఏసేటోళ్లెందరు, ఫ్యాక్టరీ వద్దనేటోళ్లు ఎందుకు వద్దంటున్నరు, కావాలనేటోళ్లు ఏం ఆశ పెట్టుకున్నరు. రాసింది గ్రామసభలో చదవాలె. కలెక్టరు దాన్ని ఫైలులో పెట్టి, ఒప్పుకుంటే ఎందుకో, ఒప్పుకోకుంటే ఎందుకో రాతపూర్వకంగ చెప్పాలె. అప్పటిదాకా ఆ ఫ్యాక్టరీ కాగితం మీద ఇంకో సంతకం పడొద్దు, రైతుల మీది కేసులు ఎత్తెయ్యాలె.